రెండు గడ్డి పొరలు

ఆత్మకూరు చెరువు వెనక పల్లెలో ఆదెయ్యను ఇష్టపడినవాళ్లు లేరు. మట్టిపని వచ్చినప్పుడు మాత్రం అందరూ అతని వెనకే నడిచేవాళ్లు. కట్ట మీద తట్ట ఎక్కడ పొయ్యాలో అతను కర్రతో చూపించేవాడు. మూరెడు అవతల పోస్తే ఆ మట్టిని మళ్లీ తట్టకెత్తించి తెచ్చి పోయించేవాడు. ఆ తట్ట మోసేది భార్య వెంగమ్మ అయినా అంతే.

"పదిమందిలో నన్ను తిప్పి పంపిస్తావా?" అని ఆమె ఒకసారి అడిగింది.

"పదిమందిలో తప్పు పోసినావు గదా," అన్నాడు.

1947 వానల్లో చెరువుకట్ట కోసుకుపోయినప్పుడు అతనికి మేస్త్రి కర్ర వచ్చింది. కట్ట లోపలివైపు రాతి పరుపు వెయ్యడానికి ఉదయగిరి నుంచి హుసేనయ్య మనుషులను తెచ్చాడు. హుసేనయ్య కొండ కింద రాయి కొట్టి బతికిన మనిషి. మాట తక్కువ. తొమ్మిది గజాల పరుపు అయ్యాక ఆదెయ్య వచ్చి, రాళ్ల మధ్య గునపం పెట్టి చూసి, మొత్తం పీకి మళ్లీ వెయ్యమన్నాడు. హుసేనయ్య పీకాడు, మళ్లీ వేశాడు. పని ముగిసిన రోజు పైబట్ట దులుపుకుని, "మళ్లీ యాడన్నా కనపడకపోతామా, ఆదెయ్యా," అని ఉదయగిరి దోవ పట్టాడు.

చెరువు పనుల్లో మట్టిని కట్ట మీద కొలవరు. తవ్విన గుంటలో కొలుస్తారు. గుంట నిలువూ అడ్డమూ పదేసి అడుగులు. తవ్వేటప్పుడు నడిమధ్యలో మూరెడు వెడల్పు నేలను ముట్టకుండా వదిలేస్తారు. గుంట లోతుకు పొయ్యేకొద్దీ అది దిమ్మెలాగా నిలబడుతుంది. దాని తల మీద పాత గడ్డి అట్లాగే ఉంటుంది. నేల ముందు ఎంత ఎత్తున ఉండేదో చెప్పేది అదొక్కటే కాబట్టి దాన్ని సాక్షి అంటారు. ఓవర్సీరు టేపు కొసను సాక్షి తల మీద పెట్టి గుంట అడుగు దాకా వదులుతాడు. అది లోతు.

ఆత్మకూరు వాళ్లకు దీని మీద ఇంకొక అలవాటు ఉండేది. గుంటలో లేచిన మొదటి మట్టిగడ్డను, పైనున్న గడ్డితో సహా, తీసి సాక్షి తల మీద పెడతారు. వేపరెమ్మ గుచ్చి దండం పెట్టుకుంటారు. అది గంగమ్మ వంతు. నాలుగు వేళ్ల మందం ఉంటుంది. కొలత రోజు ఓవర్సీరు వచ్చి చేతికర్రతో దాన్ని తట్టి పడేసి, అప్పుడు టేపు పెడతాడు. పెట్టినవాళ్లు మాత్రం తియ్యరు. ఇచ్చింది వెనక్కి లాక్కున్న చెయ్యి పోసిన కట్ట నిలవదంటారు. తాలూకాకు ఎంతమంది ఓవర్సీర్లు మారినా మొదటి వారంలోనే ఈ సంగతి తెలుసుకునేవాళ్లు. ఎవరు ఎవరికి చెప్పారో ఎవరికీ తెలియదు. అట్లా నడిచిపోయింది.

1953 మాఘమాసానికి చెరువులో బురద కూడా ఎండిపోయింది. వరసగా రెండో ఏడు. ఆ నెలలోనే కంట్రాక్టరు మనిషి వరదయ్య ఆత్మకూరు బస్సులు ఆగే చోట దిగి, మట్టిపని వాళ్లు కావాలని అడిగాడు. తెల్లచొక్కా, చంకలో గొడుగు, నోట్లో వక్కపొడి. ఆదెయ్యను పిలిపించారు.

"యాడ పని?" అన్నాడు ఆదెయ్య.

"జంక్షన్‌లో. రైలుకట్ట. రెండు మైళ్లు."

"రెండు మైళ్లకు రైలెందుకయ్యా? నడిచిపోతే సరిపాయె గదా," అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

వరదయ్య గొడుగుకొనతో నేల మీద గీత గీశాడు. పడమటి నుంచి వచ్చే లైను ఊరి పైన వంపు తిరిగి, దక్షిణం ముఖంగా స్టేషన్లోకి దిగుతుంది. బండి పోవలసింది ఉత్తరానికి. అందుకని ఇంజను ఊడదీసి, పక్క పట్టాల మీద తిప్పి తెచ్చి, తోక దగ్గర తగిలించాలి. దానికి అరగంట. గూడ్సు బండి అయితే ఒక్కొక్కసారి ఒక పూట. యుద్ధం రోజుల్లో పటాలం బండ్లు అక్కడే చిక్కుకుపోతుంటే, ఊరి బయటనుంచి ఒక వంపు వేస్తే ఈ లైనూ ఆ లైనూ కలిసిపోతాయని కొలిచి రాళ్లు పాతారు. యుద్ధం ముగిసింది. రాళ్లు మిగిలాయి. ఇప్పుడు మళ్లీ ఆ కాయితం బయటికి తీశారు.

"ఊళ్లోకి రాకుండానే బండి పోతాది. చుట్టులైను," అన్నాడు వరదయ్య.

పేరు అట్లాగే నిలిచింది.

ఆదెయ్య ఇరవై జతలను కూడేశాడు. జత అంటే తవ్వే మొగుడు, మోసే పెళ్లాం. పసిబిడ్డలున్నవాళ్లు వెనకాడారు. అంత దూరం పోయినాక పని ఆగిపోతే తిరిగొచ్చే బస్సుకు కూడా గతి ఉండదన్నారు.

"వానలు పడేదాకా ఒక్క జతను కూడా పని లేకుండా ఇంటికి పంపను. పంపితే నన్ను మేస్త్రి అనబాకండి," అన్నాడు ఆదెయ్య.

లారీ ఎక్కాక తెలిసింది, అది ముందు ఉదయగిరి పోయి వచ్చిందని. వెనక పలకకు ఆనుకుని హుసేనయ్య, అతని పన్నెండు జతలు కూర్చుని ఉన్నారు. హుసేనయ్య కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకోలేదు.

జంక్షన్ ఊళ్లో వాళ్లకు మొదటి రోజే నీళ్లు పుట్టలేదు. స్టేషను బయటి బావి చుట్టూ కంపకొట్టి ఉంది. కాఫీ హోటలు వాడు లోటా ఎత్తి దోసిట్లో పోస్తూ, "ఈ ఒక్క రోజే," అన్నాడు. ఆ ఊళ్లో సగం మంది బతుకు ఆ అరగంట మీదే ఉంది. బండి వచ్చి నిలవగానే జనం దిగుతారు. ఇంజను తిరిగొచ్చేదాకా వాళ్లకు పనిలేదు. వడలు, మజ్జిగ, పండ్లు, చుట్టలు, సోడాలు అన్నీ ఆ అరగంటలో అమ్ముడుపోవాలి. పోర్టర్లు, జట్కావాళ్లు, ఇంజనుకు బొగ్గెత్తేవాళ్లు కూడా దాని మీదే. ఇప్పుడు ఆ అరగంటను పూడ్చడానికి తట్టలు పట్టుకుని మనుషులు దిగారు.

ప్లాట్‌ఫారం మీద వడలమ్మే కోటమ్మ గంప నెత్తిన పెట్టుకుని పని దగ్గరికే వచ్చి తిట్టేది.

"ఏమే, యాడోళ్లే మీరు? మీ ఊళ్లో మట్టి లేదా? మా పొయ్యిలో పొయ్యాలనా ఇంత దూరం వచ్చినారు?"

వెంగమ్మ తట్ట దించకుండానే, "నీ వడలు తినలేకనే గదా బండి పక్కదోవ పట్టింది," అంది.

ఆడవాళ్లంతా నవ్వారు. కోటమ్మ మట్టిగడ్డ తీసి విసిరింది. అది వెంగమ్మ భుజానికి తగిలి పగిలింది. వెంగమ్మ ఆ ముక్కలు ఏరి తట్టలో వేసుకుని, "ఇంకో నాలుగు ఇయ్యి. కట్టకు పనికొస్తాయి," అని నడిచింది.

ఆ తర్వాత ఆత్మకూరు వాళ్లు వాగులో చెలమ తీసుకుని ఆ నీళ్లే తాగారు. గుడిసెల మీద రాళ్లు పడటం మామూలైపోయింది.

ఆదెయ్య ఉత్తరం సగం, హుసేనయ్య దక్షిణం సగం తీసుకున్నారు. ఆత్మకూరు వాళ్ల గుంటల్లో ప్రతి సాక్షి నెత్తినా గడ్డ, వేపరెమ్మ. ఉదయగిరి వాళ్లకు ఈ అలవాటు లేదు. వాళ్ల సాక్షులు బోడిగా ఉండేవి. "దిక్కులేని సాక్షులు," అని ఆత్మకూరు ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "దిక్కున్నోళ్లు ఇంటికాడ ఉండక ఇక్కడికెందుకొచ్చినారో," అని అటునుంచి జవాబు వచ్చేది.

మొదటి పదిహేను రోజుల కొలత వరదయ్య ఒక్కడే తీశాడు. గుంటలోకి దిగి, టేపు కొస నేరుగా వేపరెమ్మ పక్కన పెట్టాడు. ఆదెయ్య ఒడ్డున నిలబడి చూశాడు.

"అయ్యా, తట్టి పెట్టండి."

"దేన్ని?"

"ఆ ముద్దను. కర్రతో తట్టండి, పడిపోతాది. అది నేల కాదు."

వరదయ్య సాక్షిని ఒకసారి, ఆదెయ్యను ఒకసారి చూశాడు. కంట్రాక్టరుకు రైల్వే ఇచ్చేది కూడా ఈ కొలత మీదే.

"లోతు పెరిగితే నీకేం నొప్పిరా? నోరు మూసుకోని ఆ కొస పట్టుకో," అన్నాడు.

ఆదెయ్య నోరు మూసుకున్నాడు. రైల్వే ఓవర్సీరు వచ్చినప్పుడు ఆయనే తట్టి పడేస్తాడులే అనుకున్నాడు. ఓవర్సీరంటే తట్టేవాడే. అంతకు మించి అతనికి తోచలేదు.

ఓవర్సీరు రామనారాయణ రెండో కొలతకు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. గొడుగు లేదు, టోపీ. ఎవరినీ తిట్టడు, ఎవరితోనూ నవ్వడు. మొదటి గుంటలో దిగి టేపు తియ్యబోయి ఆగాడు. జేబులోంచి పెన్సిలు చెక్కుకునే చాకు తీసి సాక్షి పక్కను పైనుంచి కిందికి గీశాడు. పైన ఎండిన గడ్డి. దాని కింద నాలుగు వేళ్ల మట్టి. ఆ కింద ఇంకొక గడ్డి పొర, పసుపుపచ్చగా, అణిగిపోయి.

"రెండు గడ్డి పొరలు," అన్నాడు. "భూమికి ఎన్ని నెత్తులుంటాయి మేస్త్రీ?"

"అది గంగమ్మ వంతు సామీ. మీరు తట్టితే పడిపోతాది."

రామనారాయణ వినిపించుకోలేదు. రెండో గుంట, మూడో గుంట, పదో గుంట. ప్రతి సాక్షినీ చాకుతో గీశాడు. అన్నిట్లోనూ రెండేసి పొరలు. పైకి వచ్చి చేతులు దులుపుకుని వరదయ్యను చూశాడు.

"పోయిన కొలత మీరే గదా తీసింది?"

"అప్పుడు ఇవి లేవు సార్," అన్నాడు వరదయ్య, వక్కపొడి ఊసి.

"నువ్వు టేపు పెట్టింది దీని నెత్తినే గదయ్యా?" అని ఆదెయ్య అరిచాడు.

"చూశారా సార్, దొంగపని చేసి నోరెట్టా లేస్తా ఉండాదో."

"అది మీరూ మీరూ తేల్చుకోండి," అన్నాడు రామనారాయణ. "నాకు కావలసింది ఒకటే. ఇది మీ అలవాటా, దొంగతనమా? మట్టిపనిలో ఇట్లాంటి అలవాటు నేను ఎక్కడా వినలేదు."

అప్పటికి ఉదయగిరి వాళ్లు కూడా పారలు దించి వచ్చి నిలబడ్డారు. రామనారాయణ హుసేనయ్యను పిలిచాడు.

"మీదీ ఆ పక్కే గదా. మీ సాక్షుల మీద ఇవి లేవేం?"

హుసేనయ్య ఆదెయ్య ముఖం చూశాడు. ఆత్మకూరు చెరువు దగ్గర మూడు నెలలు పనిచేసినవాడు. తాలూకా ఓవర్సీరు ఆ ముద్దలను తట్టి పడెయ్యడం పరుపు మీద కూర్చుని ప్రతి కొలతరోజూ చూసినవాడు. ఆదెయ్య కూడా అతన్నే చూస్తున్నాడు.

"మా ఊళ్లో లేదు సామీ," అన్నాడు హుసేనయ్య.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

రామనారాయణ పుస్తకం తెరిచాడు. ఆత్మకూరు వాళ్ల గుంటలు అరవై నాలుగు. ప్రతి గుంటకూ ఒక అడుగు లోతు కొట్టేస్తానన్నాడు. మేస్త్రి పేరు ఎదురుగా 'దొంగ సాక్షి' అని రాస్తే, ఆ ముఠాకు ఈ లైను మీద ఇక పని ఉండదు. రేపు పొద్దునకు గుడిసెలు ఎత్తెయ్యాలి.

"అడుగా?" అన్నాడు ఆదెయ్య. "నాలుగు వేళ్ల మందానికి అడుగు కొట్టేస్తారా? రెండడుగుల గుంటలో సగం పాయె గదా సామీ."

"పక్కన గీస్తే నాలుగు వేళ్లు. లోపల ఎంతో నాకెట్లా తెలుసు?"

"తట్టి చూడండి. ఆ కర్రతో ఒక్కటి తట్టండి."

"నేను తట్టకూడదు," అన్నాడు రామనారాయణ. మొదటిసారి అతని గొంతులో కొంచెం విసుగు వచ్చింది. "కొలిచేవాడు సాక్షి పక్కను గీసి చూడొచ్చు. దాని తలను ముట్టుకుంటే కొలత చెరిపినట్టు. నా ఉద్యోగం పోతుంది. కంట్రాక్టరు మనిషి కూడా ముట్టుకోకూడదు. పెట్టింది మీరు. మీరే నా కళ్ల ముందు తీసి, అది నేల కాదని చెప్పండి. పాత గడ్డి మీద టేపు పెట్టి ఉన్న లోతు రాసుకుంటాను. పేరు జోలికి పోను."

ఇక్కడి రూలు కొలిచేవాడిని ముట్టుకోవద్దంది. అక్కడి ఆచారం పెట్టినవాడిని ముట్టుకోవద్దంది. మధ్యలో అరవై నాలుగు ముద్దలు ఎండుతున్నాయి.

ఆదెయ్య తన వాళ్లవైపు తిరిగాడు. "ఎవరి గుంటలో వాళ్లు దిగండి. తీసెయ్యండి."

ఒక్కరూ కదల్లేదు.

"ఓబులమ్మా, నీతోనే మొదలుపెట్టు."

ఓబులమ్మ అందరికంటే పెద్దది. ముప్పై ఏళ్లుగా తట్ట మోస్తున్న మనిషి. "నా చేత్తో పెట్టినదాన్ని నా చేత్తో లాగనా? ఇంటికాడ మనవళ్లుండారు నాకు. నువ్వేంది, మతుండే మాట్లాడతా ఉండావా?" అంది.

"తియ్యకపోతే రేపు పొద్దున ఇంటికే. అక్కడేం తింటారు?"

"గంజి తాగి చస్తాం. నీకెందుకు?"

"వెంగమ్మా."

వెంగమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "నేను దిగను," అంది. "నువ్వూ దిగబాక."

అప్పటికి సంగతి స్టేషను దాకా పాకింది. మజ్జిగవాళ్లు, జట్కావాళ్లు, కోటమ్మ అందరూ కట్ట మీదికి వచ్చి వరసగా నిలబడ్డారు. పని ఆగిపోతుందని వాళ్లకు ఎవరో చెప్పారు.

"పీకరా, పీకు! నీ దేవతను నువ్వే పీకు!"

"పీకితే కళ్లు పోతాయిరోయ్!"

"పీకకపోతే ఇంటికి బస్సెక్కాల!"

ఆదెయ్య పైబట్ట నడుముకు చుట్టుకుని మొదటి గుంటలోకి దిగాడు. అది ఓబులమ్మ గుంట. రెండు చేతులతో ముద్ద పట్టుకుని లేపాడు. అది తేలిగ్గా రాలేదు. పదిహేను రోజుల ఎండకు కింది గడ్డితో అంటుకుపోయింది. కుదిపి లాగాల్సి వచ్చింది. లాగి పక్కన పెట్టి, "ఇది నేల కాదు సామీ," అన్నాడు. రామనారాయణ దిగి పసుపుబారిన గడ్డి మీద టేపు పెట్టి రాసుకున్నాడు. రెండో గుంట. "ఇది నేల కాదు సామీ." మూడో గుంట.

పది గుంటలయ్యేసరికి కట్ట మీద అరుపులు తగ్గాయి. ఇరవై అయ్యేసరికి సోడాలవాళ్లు బండివేళ అయిందని వెళ్లిపోయారు. ఆత్మకూరు వాళ్లు మాత్రం కదల్లేదు. ఎవరి గుంట దగ్గరికి అతను పోతే ఆ జత ముఖం అటు తిప్పుకుని నిలబడింది. ముప్పై ఒకటోది వెంగమ్మ గుంట. తవ్వింది ఆదెయ్య, ముద్ద పెట్టింది వెంగమ్మ. ఆమె లేచి కట్ట దిగి అవతలికి వెళ్లిపోయింది. అరవై నాలుగోది తీసేసరికి అతని గోళ్ల కింద నెత్తురు గడ్డకట్టింది. రామనారాయణ పుస్తకం మూసి, "లోతు సరిపోయింది. రేపటినుంచి సాక్షి మీద ఏమీ పెట్టకండి," అని వెళ్లాడు. వరదయ్య అతని వెనకే గొడుగు పట్టుకుని నడిచాడు.

సాయంత్రం ఆదెయ్య దక్షిణం వైపుకు నడిచాడు. హుసేనయ్య గుడిసె ముందు కూర్చుని పారకు పిడి బిగిస్తున్నాడు.

"నీకు తెలుసు గదరా," అన్నాడు ఆదెయ్య.

"తెలుసు."

"తెలిసి ఆ మాట ఎట్టా అన్నావు?"

హుసేనయ్య పిడి మీద రెండు దెబ్బలు వేశాడు. "నా పరుపు తొమ్మిది గజాలు పీకించినావే, అందులో ఎన్ని గజాలు చెడిపొయ్యుండాయి?"

ఆదెయ్య గోళ్లలోని మట్టి గీక్కున్నాడు.

"చెప్పు. గునపం పెట్టి చూసినావు గదా."

"రెండు."

"మిగతా ఏడు?"

ఆదెయ్య వెనక్కి తిరిగి వచ్చేశాడు.

గుడిసెలో వెంగమ్మ సంగటి వండింది. అతను నీళ్లకుండ దగ్గరికి పోతే అడ్డం వచ్చింది.

"ఆ చేతులతో నా కుండ తాకబాక."

తనే లోటాతో ముంచి, ఎత్తి పట్టుకుని, దోసిట్లో పోసింది.

పని ఆగలేదు. ఒక్క జత కూడా ఇంటికి పోలేదు. ఫాల్గుణం, చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం అందరూ తవ్వారు, మోశారు, తిన్నారు. ఆదెయ్య కర్ర చూపిస్తే అక్కడ పోసేవాళ్లు కానీ అతనితో మాట్లాడేవాళ్లు కాదు. ఏదన్నా అడగాలంటే మైలు దూరం నడిచి హుసేనయ్యను అడిగి వచ్చేవాళ్లు. ఆషాఢంలో మొదటి వాన పడ్డ మర్నాడు లారీ వచ్చింది. రెండు మైళ్ల కట్ట అప్పటికి పూర్తయింది. దాని మీద రాళ్లు, పట్టాలు వేరే మనుషులు వేశారు.

ఆ కార్తీకంలో ఆత్మకూరు చెరువుకట్ట ఒకచోట కొంచెం జారింది. గండి పడలేదు. ఆ కట్ట అంతకుముందు కూడా జారింది. అయినా పల్లెలో అందరికీ కారణం తెలుసు. తర్వాత రెండేళ్లు ఆదెయ్యకు ఎవరూ పని చెప్పలేదు. అతను జలదంకి వైపు పోయి ఒక్కడే బావులు పూడిక తీశాడు. 1955లో చుట్టులైను తెరిచారు. లైను చూసుకోవడానికి గ్యాంగుమనుషులు కావాలని తెలిసి ఆదెయ్య పోయాడు. రామనారాయణ గుర్తుపట్టాడు. "సాక్షి మేస్త్రివి గదా," అని మాత్రం అని పేరు రాసుకున్నాడు. వెంగమ్మ అతనితో పోలేదు.

లైను రెండే మైళ్లు. నడిచిపోతే ముక్కాలు గంట. కానీ పడమటి నుంచి వేరుశనగ, బొగ్గు, రాయి వేసుకొచ్చే గూడ్సులన్నీ దాని మీదనుంచే ఉత్తరానికి పోయేవి. స్టేషన్లో పాసింజర్లు మాత్రం మునుపటిలాగే ఆగేవి, అవి కూడా అన్నీ కాదు. ఊళ్లో ఒక హోటలు మూతపడింది. జట్కాలు సగానికి తగ్గాయి. అయితే చుట్టులైను చివర, పెద్ద లైనులో కలిసేచోట, సిగ్నలు పడేదాకా బండ్లు ఆగాల్సి వచ్చేది. ఒక్కొక్కసారి పావుగంట. కోటమ్మ గంప అక్కడికి మారింది. ఆదెయ్య సుత్తి భుజాన వేసుకుని ఆ దోవన పోతే ఆమె ఇప్పటికీ ఉమ్మేది.

1956 ఎండల్లో ఆత్మకూరు చెరువుకు పెద్ద మరమ్మత్తు వచ్చింది. ఆదెయ్య పదిరోజులు సెలవు పెట్టి, రైల్వే నీలం చొక్కాతోనే కట్ట మీదికి వచ్చాడు. ఇరవై జతలూ అక్కడే ఉన్నాయి. మేస్త్రి కర్ర హుసేనయ్య చేతిలో ఉంది. ఉదయగిరి నుంచి పిలిపించుకున్నారు.

"నాకూ ఒక గుంట గీయి," అన్నాడు ఆదెయ్య.

"గీస్తాను. నాకేంది?" అన్నాడు హుసేనయ్య. "నీ పక్కన తవ్వేవాడిని నువ్వే పిలుచుకో."

ఆదెయ్య చుట్టూ చూశాడు. పారలు ఆగలేదు.

ఓబులమ్మ తట్ట దించింది. "ఒప్పుకో ఆదెయ్యా. గంగమ్మకాడ తప్పు చేసినానని నలుగురిలో అను. మట్టితట్ట నెత్తిన పెట్టుకోని ఈ కొసనుంచి ఆ కొసకు నడువు. కర్ర నీకే ఇచ్చేస్తాం. ఈయన పని మాకూ నచ్చలా."

హుసేనయ్య నవ్వాడు.

కర్ర అంత దగ్గరగా ఉంది. ఆదెయ్య దాన్ని చూశాడు. అతనికి యాభై దాటింది. రైలుపట్టాల మీద సుత్తి మోసే పని అతనిది కాదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

"తప్పు చేసినానని ఎట్టా అనేది?" అన్నాడు. "ఆ పొద్దు తియ్యకపోతే మీరందరూ మర్నాడు ఇక్కడుండాల. ఎండిన చెరువు చూసుకుంటా."

"ఉండేవాళ్లం."

"ఉండేదానికి ఎంతమంది మిగిలుండేవాళ్లో లెక్క చెప్పు."

"నోరు జారబాక," అంది ఓబులమ్మ. "ఒక్క మాట. అంటావా, అనవా?"

"అనను."

ఓబులమ్మ తట్ట ఎత్తుకుంది. అందరూ పనిలోకి వంగారు. హుసేనయ్య కర్రతో అవతలి గుంట చూపించడానికి నడిచాడు. అక్కడ ఆదెయ్య లేనట్టే పని సాగింది.

వెంగమ్మ కట్టమీదనుంచి ఖాళీ తట్టతో దిగి వస్తోంది. రెండేళ్లుగా ఆమె ఈ ముఠాతోనే మోస్తోంది. ఓబులమ్మ ఎదురు వచ్చేసరికి ఆగింది.

"ఆ పొద్దు నువ్వేమనుకున్నావో నాకు తెలుసు వదినా," అంది.

"ఏమనుకున్నాను?"

"నా చెయ్యి కాకుండా ఎవుడిదో ఒకడి చెయ్యి తీస్తే బాగుండు అనుకున్నావు. నేనూ అదే అనుకున్నా. ఈ ఇరవై జతలూ అదే అనుకున్నాయి. నాలుగు నెలలు తిన్నాం గదా. అరిగింది గదా. అప్పుడు గంగమ్మ గుర్తుకు రాలేదే?"

"మొగుడి పక్క మాట్లాడతా ఉండావు."

"నీకట్టా వినపడితే నేనేం చెయ్యను?"

ఆమె తట్ట కట్ట మీదే వదిలేసింది. కొంగు దులుపుకుని రోడ్డువైపు నడిచింది. ఆదెయ్య ఆమె వెనకే, పది అడుగుల ఎడంగా నడిచాడు. బస్సులు ఆగే చోట ఇద్దరూ నిలబడ్డారు.

"నువ్వు నా తరపున అంటావని అనుకోలా," అన్నాడు.

"నీ తరపున అన్లా. నువ్వు తియ్యకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటాను. వాళ్లు అబద్ధం ఆడతా ఉండారు, అది వినలేకపోయినా."

"మరి యాడికి వస్తా ఉండావు?"

"ఆ ముఠాలో ఇంక నన్ను మొయ్యనిస్తారా? మాట్లాడబాక. బస్సొస్తా ఉండాది."

జంక్షన్‌కు పోవడానికి ఎక్కాల్సిన నెల్లూరు బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. వెంగమ్మ ఎక్కి ముందు, ఆడవాళ్ల బల్ల మీద కూర్చుంది. ఆదెయ్య వెనక నిలబడ్డాడు. కండక్టరు ఎన్ని టిక్కెట్లని అడిగితే రెండన్నాడు. ముందు బల్ల మీదనుంచి వెంగమ్మ తిరిగి చూడకుండానే, "నాది నేను తీసుకుంటాను," అంది.